పట్నంలో పట్టాదారు, చెలకలో పోతున్న మట్టి

2022 జూలై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, పాఠం చెప్పి వచ్చి అధ్యాపకుల గదిలో కూర్చున్నానో లేదో, బ్యాంకు నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ రైతుబంధు పథకంలో వానాకాలం పెట్టుబడి సాయం కింద నా ఖాతాలో 22,500 రూపాయలు జమ అయ్యాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో, కల్వకుర్తికి అవతల ఉన్న మా ఊళ్ళో నా పేరున నాలుగెకరాల ఇరవై గుంటల ఎర్ర చెలక ఉంది. 2019లో నాయన పోయిన తర్వాత విరాసత్ (వారసత్వ మార్పిడి) ద్వారా అది నాకు వచ్చింది. ఎకరాకు 5,000 చొప్పున లెక్క సరిగ్గా సరిపోయింది. అయితే అప్పటివరకు ఆ ఏడాది నేను ఆ చెలకలో ఒక్కసారైనా కాలు పెట్టలేదు. దున్నింది, పత్తి గింజ పెట్టింది, కలుపు తీయించింది అంతా మా కౌలు రైతు. నాయన ఉన్నప్పటి నుంచీ ఆ భూమిని చేస్తున్న మనిషి కాబట్టి నేను ఆయనను కాకా అని పిలుస్తాను, ఆయన నన్ను బిడ్డా అంటాడు.

ఆ నెల వానలు తెరిపి ఇచ్చాక ఒక ఆదివారం సైదాబాదు నుంచి బయలుదేరి ఊరికి వెళ్ళాను. మా చెలక పడమటి నుంచి తూర్పుకు వాలుగా ఉంటుంది. ఎగువ చెలకల నుంచి వచ్చిన నీరు మా పొలంలో అడ్డంగా కాక నిలువుగా పారి, పత్తి సాళ్ళ నడుమ మోకాలి లోతు కోత కోసింది. కోత పక్కనున్న మొక్కల వేర్లు బయటపడి వేలాడుతున్నాయి. కిందికి దిగి చూస్తే, ఒర్రెలో పారుతున్న నీరు పసుపుకుంకుమలు కలిపిన రంగులో ఉంది; అదంతా మా చెలక పైపొర. కాక గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, “పైసలు వస్తనే ఉన్నయి బిడ్డా, మట్టి పోతనే ఉన్నది” అన్నాడు. ఆయన నన్ను నిందించడానికి అనలేదు. కళ్ళ ముందు కనబడుతున్నదే చెప్పాడు. కానీ ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలలేదు. భూమికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఎవరికి చేరుతోంది, భూమిని కాపాడడానికి ప్రభుత్వం కేటాయించే డబ్బు ఎందుకు చేరడం లేదు, ఈ రెండింటి మధ్య హైదరాబాదులో కూర్చున్న నావంటి పట్టాదారు పాత్ర ఏమిటి అన్న ప్రశ్నలకు జవాబు వెదుకుతూ గడిచిన కాలంలో తెలుసుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

మొదట పెట్టుబడి సాయం గురించి న్యాయంగా చెప్పవలసింది చెప్పాలి. 2018 మే 10న హుజూరాబాద్ ప్రాంతంలో రైతుబంధు మొదలైనప్పుడు, విత్తనాలు కొనే వేళకు రైతు చేతిలో డబ్బు పెట్టాలన్న ఆలోచన ఎంతో మంచిది. అంతకు ముందు మా ఊళ్ళో మృగశిర కార్తె వచ్చిందంటే సగం ఇళ్ళవాళ్ళు ఎరువుల దుకాణం వాడి దగ్గర అప్పు రాయించుకునేవారు. ఆ అప్పు తీర్చడానికి పంటను అతనికే, అతను చెప్పిన ధరకే అమ్మేవారు. సొంత భూమిని సొంతంగా చేసుకునే చిన్న రైతుకు ఈ సాయం ఆ ఉచ్చు నుంచి కొంత విడుదల ఇచ్చింది. సీజనుకు ఎకరాకు 4,000తో మొదలై, 2019–20 నుంచి 5,000 అయింది. 2025 జనవరి 26న రైతు భరోసాగా మారి సీజనుకు 6,000 అయింది. సాగుకు పనికిరాని భూములను తీసివేశారు. ప్రభుత్వం మారింది, పేరు మారింది, మొత్తం పెరిగింది. మారనిది ఒక్కటే: డబ్బు పాసుపుస్తకంలో పేరున్న వ్యక్తి ఖాతాకే వెళుతుంది. ఆ వ్యక్తి దున్నుతున్నాడా, పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడా అని ఎవరూ అడగరు. కేంద్రం ఏడాదికి 6,000 ఇచ్చే పీఎం కిసాన్‌లో ఆదాయపు పన్ను కట్టేవారికి, నెలకు 10,000 రూపాయలు లేదా అంతకు మించి పింఛను తీసుకునే వారిలో చాలామందికి అర్హత లేదు. అందుచేత ఆ 6,000 నాకు రాదు, రాకపోవడమే సరైనది.

లెక్క చెప్పకపోతే విషయం తేలదు. అప్పట్లో కాక నాకు ఎకరాకు 8,000 చొప్పున ఏడాదికి 36,000 కౌలు ఇచ్చేవాడు, అదీ ఉగాదికి ముందే. పెట్టుబడి సాయం రెండు సీజన్లకు కలిపి 45,000 నాకు వచ్చేది. అంటే చెమట చుక్క రాలని నా చేతికి 81,000. విత్తనాలకు, యూరియాకు, మందులకు, కూలీలకు ఖర్చు పెట్టి, వాన వస్తుందో రాదోనని ఆకాశం వైపు చూసే మనిషికి, పత్తి బాగా పండి ధర ఉంటే మిగిలింది, లేకపోతే అప్పు. మూడేళ్ళపాటు నేను ఈ డబ్బు తీసుకున్నాను. దాన్ని పిల్లల ఫీజులకు కట్టాను. అది తప్పు పని అని అప్పుడు నాకు తోచలేదు. అందరూ చేస్తున్నదే అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంది.

బీమా సంగతి ఇంకా బాధాకరమైనది. 2018 ఆగస్టులో వచ్చిన రైతు బీమా కింద 18 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతాయి. ప్రీమియం ప్రభుత్వమే జీవిత బీమా సంస్థకు కడుతుంది. పెద్ద దిక్కు పోయిన ఇంటికి పది రోజుల్లో ఆ సొమ్ము చేరడం ఎంత ఆసరానో మా ఊళ్ళో కళ్ళారా చూశాను. కానీ దాని ప్రకారం నీడపట్టున పాఠాలు చెప్పుకునే నేను బీమా ఉన్న రైతును. మూతికి తువ్వాలు కట్టుకుని పత్తి చేనులో మందు కొట్టే కాక బీమాకు లెక్కలోకి రాని మనిషి. ఆయన పేరున గుంట భూమి లేదు.

కోత సంగతికి వస్తాను. 2023 వేసవిలో, చెలకకు అడ్డంగా గట్లు వేయించడానికి ఉపాధి హామీ పథకంలో వీలుంటుందేమో కనుక్కోవాలని ఆ పథకం ఆఫీసుకు వెళ్ళాను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం గురించి పట్నంలో మనం గుంతలు తవ్వే పని అనుకుంటాం గాని, దాని పనుల పట్టికలో పెద్ద భాగం మట్టిని, నీటిని నిలిపే పనులే: పొలం గట్లు, కందకాలు, పంట కుంటలు, ఒర్రెలకు అడ్డంగా రాతి కట్టడాలు, చెరువుల పూడికతీత. అప్పటి నియమాల ప్రకారం ఉమ్మడి పనులే కాక, వ్యక్తుల సొంత భూముల్లో కూడా వాటిని చేసే వీలుండేది. అందుకు ముందు వరుసలో ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలు, ఆడవాళ్ళే నడుపుకునే కుటుంబాలు ఉండేవి. ఆ తర్వాత చిన్న, సన్నకారు రైతులు వచ్చేవారు. ఎవరైనా సరే, ఆ కుటుంబానికి జాబ్ కార్డు ఉండాలి, తమ భూమిలో జరిగే పనికి తామూ వచ్చి పనిచేయాలి అన్నది నియమం. అక్కడున్న కుర్రవాడు నా కాగితాలన్నీ ఓపికగా చూసి, “అక్కా, మీకు భూమి ఉన్నది గని జాబ్ కార్డు లేదు. కాకకు జాబ్ కార్డు ఉన్నది గని భూమి లేదు. ఎవరి పేరు మీద రాయాలె?” అన్నాడు.

ఆ నియమం తప్పని నేను అనడం లేదు. బీదవాడి భూమిలో, బీదవాడి చేతికి కూలి దక్కేలా పని జరగాలన్నది దాని ఉద్దేశం. నాబోటి జీతగత్తె భూమికి ప్రజాధనంతో గట్టు పోయడం కన్నా అది ఎంతో మేలు. కానీ వాన నీటికి ఎవరి పేరున పట్టా ఉందో తెలియదు. మా చెలకలో తెగిన కోత కిందనున్న రెండెకరాల దళిత కుటుంబం పొలాన్ని ఇసుకతో నింపింది. వాళ్ళ భూమిలో ఉపాధి హామీ కింద వేసిన గట్టు, పైనున్న మా భూమి నుంచి ఉరికి వచ్చిన నీటికి ఒక్క వానలో తెగిపోయింది. పైభాగం వదిలి కింద గట్టు పోస్తే అంతే. అర్హత ఉన్నవాళ్ళ భూమిని కాపాడాలన్నా ముందు అర్హత లేని నా భూమి నుంచే పని మొదలుపెట్టాలి. ఇది ఆ రోజు నాకు అర్థమైన సంగతి.

గుట్ట నుంచి లోయకు, పైనుంచి కిందికి పని చేసుకుంటూ రావాలన్నది వాటర్‌షెడ్ (వాన నీరంతా ఒకే దారికి చేరే పరీవాహక ప్రాంతం) పథకాల మూలసూత్రం. ఈ సూత్రాన్ని రుజువు చేసిన పని చాలావరకు మన హైదరాబాదు చుట్టుపక్కలే జరిగింది. మా ఇంటికి కూతవేటు దూరంలో సంతోష్‌నగర్‌లో 1985 నుంచి కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. క్రీడా అంటే అందరికీ తెలుస్తుంది. ఏళ్ళ తరబడి ఆ ప్రహరీ పక్కనుంచి బస్సులో వెళ్ళి వస్తూ, లోపల మా చెలక వంటి నేలల మీదే పరిశోధన జరుగుతోందన్న సంగతి పట్టించుకోలేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో నల్లరేగడి నేలలో 1976 నుంచి రెండు పద్ధతులను పక్కపక్కన ఉంచి చూస్తున్నారు. వెడల్పాటి బోదెలు వేసి, వాలును బట్టి నీటిని మెల్లగా నడిపించి, రెండు పంటలు కలిపి వేసిన చోట హెక్టారుకు సగటున 5 టన్నుల దాకా గింజ పండితే, పాత పద్ధతిలో టన్నుకు కాస్త పైన వచ్చింది. మట్టి నష్టం మాత్రం పాత పద్ధతిలోనే దాదాపు నాలుగింతలు. నల్లరేగడి వేరు, మా ఎర్ర చెలక వేరు, ఆ అంకెలు మాకు అలాగే వర్తించవు. అయినా శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో 1999 నుంచి రైతులతో కలిసి చేసిన వాటర్‌షెడ్ పని చూసినవారికి, చిన్న చిన్న కట్టడాలు, పొలం గట్లు, ఒర్రె అడ్డుకట్టలు కలిస్తే బావుల్లో నీరు ఎలా పైకి వస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి పనికి డబ్బు ఎంత ఇస్తున్నారో చూడండి. ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన వాటర్‌షెడ్ విభాగం రెండవ దశలో మైదాన ప్రాంతాలకు హెక్టారుకు 22,000 రూపాయలు పరిమితిగా పెట్టారు. అంతకు ముందు అది 12,000 ఉండేది. ఎకరానికి లెక్క వేస్తే దాదాపు 8,900. అది మూడు నుంచి అయిదేళ్ళ ప్రాజెక్టు మొత్తానికి, ఒక్కసారి ఇచ్చేది. అందులోనే పాలన ఖర్చులు, శిక్షణ, జీవనోపాధి పనులు అన్నీ పోవాలి. ఇటు రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12,000, ప్రతి ఏటా. ఒకటి ప్రధానంగా కేంద్రం డబ్బు, మరొకటి రాష్ట్రం డబ్బు, రెంటినీ ఒకే త్రాసులో పెట్టి తూచకూడదని అనేవారుంటారు. నిజమే. కానీ చెలక ఒక్కటే. ఒక తరం పాటు నిలిచే గట్టుకు ఒక్కసారి ఇచ్చే దానికన్నా, ఒక సీజనుతో ఖర్చయిపోయే సాయానికి ఏటా ఎక్కువ ఇస్తున్నామన్నది మాత్రం మనం ఒప్పుకోవలసిన నిజం. పైగా వాటర్‌షెడ్ ప్రాజెక్టుకు ఎంపిక కాని ఊళ్ళకు ఆ కాస్తా లేదు; మా ఊరు ఎంపిక కాలేదు.

బిందు సేద్యం రాయితీ గురించి రెండు మాటలు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ రైతులకు నూటికి నూరు శాతం, చిన్న, సన్నకారు రైతులకు, బీసీలకు 90, మిగతావారికి 80 శాతం ఇవ్వాలన్నది విధానం. ఉదారమైనదే. కానీ బోరులో నీరున్నవారికే అది పనికివస్తుంది. మా చెలకలో రెండు బోర్లు వేసి నాయన చేతులు కాల్చుకున్నాడు కాబట్టి మేము ఆ దారి పట్టలేదు.

ప్రభుత్వ సాయం, మట్టి సంరక్షణ ఒకే పనిలో కలిసిన సందర్భం ఒకటి మా ఇంట్లోనే ఉంది. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలై, రాష్ట్రంలోని 46,000కు పైగా చెరువుల పూడిక తీయాలని పూనుకున్నప్పుడు, రెండో ఏడు మా ఊరి చెరువు వంతు వచ్చింది. పూడిక తవ్వి ట్రాక్టరులో పోయడం ప్రభుత్వం వంతు, పొలానికి తోలుకోవడం రైతు వంతు. నాయన నలభై ట్రాలీల నల్లమట్టి తోలించాడు. ఆ ఖర్చు గురించి అమ్మ సణిగింది కూడా. ఎర్ర చెలక ఇసుకపాలు ఎక్కువున్న నేల. నీరు పడినంత వేగంగా దిగిపోతుంది. ఆ జిగట మట్టి కలిసిన తర్వాత వాన ఆగినా వారం పదిరోజులు పైరు వాడకుండా నిలిచిందని కాక ఇప్పటికీ చెబుతాడు. నాయనకు ఏ కాగితమూ లేదు, ఎవరి సిఫారసూ లేదు. ఊళ్ళో ఉన్నాడు, ట్రాక్టరు మాట్లాడుకున్నాడు, తోలించాడు. పథకం అతనికి అందడానికి కారణం అతను అక్కడ ఉండడమే. ఆ మట్టిలో ఎంత భాగం 2022లో ఒర్రెపాలు అయిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మా చెల్లెలు అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఉంటుంది. ఈ సంగతులన్నీ ఫోనులో చెబుతుంటే, వాళ్ళ ఇంటి వెనుకనున్న భూమిని దాని యజమాని పదేళ్ళపాటు దున్నకుండా గడ్డికి వదిలి, ప్రభుత్వం నుంచి ఏటా కౌలు తీసుకుంటాడని చెప్పింది. నమ్మశక్యం కాక, అక్కడి విధానం గురించి చదివాను. 1930లలో అక్కడి మైదానాలు దుమ్ము తుఫానులతో ఎగిరిపోయాయి. 1935 ఏప్రిల్ 14ను నల్ల ఆదివారం అంటారు. రెండు వారాలు తిరగకుండానే మట్టి సంరక్షణ కోసం ప్రత్యేక విభాగాన్ని చట్టం చేసి ఏర్పరిచారు. 1985 వ్యవసాయ చట్టంలో రెండు పనులు చేశారు. కోతకు గురయ్యే భూమిని 10 నుంచి 15 ఏళ్ళు గడ్డికో చెట్లకో వదిలితే ఏటా కౌలు ఇవ్వడం ఒకటి. అలాంటి వాలు భూమిని దున్నదలచుకుంటే, ఆమోదించిన సంరక్షణ పద్ధతులు పాటిస్తేనే మిగతా వ్యవసాయ సాయాలు ఇవ్వడం రెండవది. నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది మరొకటి: అక్కడ భూమిని నగదు కౌలుకు ఇచ్చిన యజమానికి పంట సాయం రాదు, పంట నష్టాన్ని మోసే కౌలుదారుకే అది చెందుతుంది. సాయం వస్తుందని తెలిసి యజమానులు కౌలు పెంచుతారని, అందులో కొంత చివరికి వాళ్ళకే చేరుతుందని అక్కడి ఆర్థికవేత్తలు అంటారు కాబట్టి అది కూడా లోపం లేని ఏర్పాటు కాదు. అయినా డబ్బు ముందు ఎవరి చేతిలో పడాలన్న విషయంలో వాళ్ళకు స్పష్టత ఉంది. ప్రతి కౌంటీలో రైతులే ఎన్నుకున్న రైతుల కమిటీ ఒకటి ఈ వ్యవహారాలు చూస్తుందట.

దాన్ని ఎత్తి తెచ్చి ఇక్కడ దించాలని నా ఉద్దేశం కాదు. 2022 లెక్కల ప్రకారం అమెరికాలో సగటు కమతం 463 ఎకరాలు. 2015–16 లెక్కల్లో తెలంగాణ సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. రెండున్నర ఎకరాల రైతు ఏ మూల గడ్డికి వదులుతాడు? గట్టు వేయకపోతే సాయం ఇవ్వమని షరతు పెడితే, ఆ షరతు మొదట తగిలేది వేలిముద్ర వేసే చిన్న రైతుకే; అడ్డదారి వెతుక్కోగల నావంటివారికి తగలదు. నా కోరిక చిన్నది. ఊళ్ళో ఉండని, స్వయంగా సాగు చేయని, పన్ను కట్టేంత ఆదాయం ఉన్న పట్టాదారుకు వచ్చే సాయంలో కొంత భాగాన్ని ఆ గ్రామంలోనే మట్టి, నీటి పనులకు, మిగతాది సాగు చేసే కౌలు రైతుకు మళ్ళించాలి. అటువంటి నిర్ణయం వచ్చేదాకా ఆ పనిని పట్టాదారులమే చేయవచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

2024 వేసవిలో నేను చేసిందిదీ. మొదట కాకతో కలిసి మట్టి పరీక్షకు నమూనా తీశాను. చెలకంతా వంకరటింకరగా నడుస్తూ పది చోట్ల ఆంగ్ల అక్షరం ‘వీ’ ఆకారంలో జానెడు లోపు గుంత తీసి, అంచు నుంచి మట్టి గీకి, అన్నిటినీ గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తెచ్చాం. 2015లో దేశమంతటా మొదలైన భూసార పత్రంలో పన్నెండు అంశాలు ఉంటాయి. మా పత్రంలో నేను చూసుకున్నది సేంద్రియ కర్బనం. 0.31 శాతం. అర శాతం లోపు ఉంటే తక్కువ అని లెక్క. యూరియా ఎంత వేసినా పైరు పట్టుకోవడం లేదన్న కాక ఫిర్యాదుకు అదొక జవాబు. తర్వాత, తాపీ మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో మట్టం చూసి, వాలుకు అడ్డంగా మూడు చోట్ల సున్నం గీతలు వేసి, జేసీబీతో గట్లు పోయించాం. అదనపు నీరు గట్టును తెంచకుండా పోవడానికి ప్రతి గట్టుకు ఒక చివర చెలకలో ఏరిన రాళ్ళతోనే చిన్న మత్తడి కట్టాం. గట్ల మీద గ్లైరిసీడియా కొమ్మలు నాటాం. రొట్టను కోసి సాళ్ళలో వేస్తే నేలకు బలం. పత్తి కట్టెను కాల్చకుండా ముక్కలు చేయించి దున్నించే ఖర్చు నాది. మొత్తం ఒక సీజను పెట్టుబడి సాయం కన్నా తక్కువే అయింది.

గట్టు కన్నా కష్టమైనది కౌలు మాట. ఏడాదికోసారి ఉగాదికి తిరగరాసే కౌలులో ఏ రైతూ నేలకు పెంట తోలడు, గట్టు బాగు చేయడు; వచ్చే ఏడు ఈ భూమి తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి ఎందుకు చేయాలి? అందుకని అయిదేళ్ళకు కాగితం రాసుకుందామని అన్నాను. మా పెద్దనాయన కొడుకు ఫోను చేసి గట్టిగా మందలించాడు. “కాగితం మీద రాసిస్తే రేపు భూమి నీది కాదు చెల్లె” అన్నాడు. ఆ భయం గాలిలో పుట్టింది కాదు. తెలంగాణ ప్రాంతపు 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది, తర్వాత వాళ్ళలో ఎందరో దున్నిన భూమికి యజమానులయ్యారు. అది న్యాయమైన పనే అని నా అభిప్రాయం. కానీ ఆ జ్ఞాపకం ఇప్పటికీ పట్టాదారుల చేత కౌలును నోటిమాటగానే ఉంచుతోంది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలు రైతులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చినా, కార్డు పంట రుణం వంటి వాటికే తప్ప భూమి మీద హక్కుకు కాదని అందులో ఉన్నా, ఆ భయం పోలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పదకొండు నెలల సాగుదారు హక్కు పత్రాలకు వేరే చట్టం చేశారు. మేము ఇద్దరు పెద్దమనుషుల ఎదుట అయిదేళ్ళకు ఒప్పందం రాసుకున్నాం. కౌలు పెంచను. పెట్టుబడి సాయంలో సగం జమ అయిన రోజే కాక ఖాతాకు పంపుతాను; మిగతా సగం ఈ భూమి పనులకే వేరే ఖాతాలో ఉంటుంది. 2025 వానాకాలానికి ఎకరాకు 6,000 లెక్కన 27,000 వచ్చినప్పుడు ఆయనకు 13,500 పంపాను. అన్నయ్య ఇంకా నాతో ఆ విషయం మాట్లాడడు.

ఆ ఏడు వానలకు మా గట్లలో రెండు నిలిచాయి, పైది తెగింది. మత్తడి సరిగా లేక కాదు. ఎగువన ఉన్న చెలకల నుంచి వచ్చిన నీటి ఉరవడి అంత. మా పైన ఆ వాలులో ఆరుగురు పట్టాదారులు ఉన్నారు. నాతో కలిపి ఏడుగురిలో అయిదుగురం హైదరాబాదులోనే ఉంటున్నాం: ఒకరు కూకట్‌పల్లి, ఇద్దరు వనస్థలిపురం, ఒకరు బోడుప్పల్. అందరి భూములూ కౌలుకే. ఒకరి సంతకం లేదని, ఒకరు దొరకలేదని గ్రామసభలో ఆ వాలు పేరు ఎప్పుడూ పనుల జాబితాకు ఎక్కలేదని ఊళ్ళో వాళ్ళు చెబితే తెలిసింది. మమ్మల్ని అడ్డుకున్నది ఎవరూ లేరు. మేము అక్కడ లేము, అంతే.

సంక్రాంతి తర్వాతి ఆదివారం ఆ ఆరుగురినీ మా ఇంటికి పిలిచాను. నలుగురు వచ్చారు. గ్రామ నక్ష నకలు తెప్పించి బల్ల మీద పరిచి, కాక చెప్పగా నేను పెన్సిలుతో నీరు పారే దారి గీశాను. బోడుప్పల్ నుంచి వచ్చిన పెద్దాయన తన సర్వే నంబరు మీద వేలు పెట్టి, “ముప్పై ఏళ్ళయింది నేను ఈ చెలక చూసి” అన్నాడు. ముగ్గురు ఈ సీజను సాయంలో ఎకరాకు రెండు వేలు గట్లకు ఇస్తామన్నారు. వాటర్‌షెడ్ పనులకు మా వాలును కలపమని రాసిన అర్జీ మీద ఆ రోజే నలుగురివీ, నావీ సంతకాలు అయ్యాయి. వనస్థలిపురంలోని రెండో ఆయన సంతకానికి వచ్చే వారం నేనే వెళ్ళాలి. కాకను బస్టాండులో దింపడానికి వెళ్ళినప్పుడు, పైగట్టు మత్తడిని మృగశిరకు ముందే రెండు మూరలు వెడల్పు చేయాలని, రాళ్ళు ఏరి పెడతానని చెప్పి బస్సెక్కాడు.